మామ్మ పింఛను, వేరొకరి మీటరు: ఎమ్మెల్యే ఆఫీసు వినతుల రిజిస్టర్ నుంచి ఒక కేసు

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక నియోజకవర్గం. అక్కడి ఎమ్మెల్యే గారి ఆఫీసులో వినతుల రిజిస్టర్ చూసే పని నాది. జనం తెచ్చిన కాగితం తీసుకోవాలి, అది ఎవరి బల్ల మీదికి వెళ్లాలో తేల్చాలి, వెళ్లాక ఏమైందో కనుక్కోవాలి, ఆ సంగతి తిరిగి ఆ మనిషికి చెప్పాలి. రాష్ట్రంలో 175 నియోజకవర్గాలున్నాయి. ఏ పార్టీ గెలిచినా ప్రతి చోటా నాలాంటి వాళ్లు ఒకరిద్దరు ఉంటారు. మాకు ఈ పని నేర్పేవాళ్లు లేరు. ఒక ఆఫీసులో జరిగిన పొరపాటు పక్క నియోజకవర్గంలో ఇంకొకరికి తెలిసే దారీ లేదు. అందుకే ఈ కేసు మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. ఊరు, మండలం, పేర్లు చెప్పను. గుర్తుపట్టడానికి వీలిచ్చే చిన్న చిన్న వివరాలు కూడా మార్చాను. పింఛను ఆగిన ఆవిడను మామ్మ అనే రాస్తాను, మేమంతా అలాగే పిలిచేవాళ్లం.

ముందు మా వారం ఎలా నడుస్తుందో చెప్పాలి. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్, అంటే జనం అర్జీలు తీసుకునే కార్యక్రమం ఉంటుంది, మా దగ్గరకు వచ్చిన కాగితాల్లో జిల్లా స్థాయివి అక్కడికి వెళ్తాయి. మంగళ, బుధవారాలు మండల ఆఫీసుల చుట్టూ తిరగడం. గురువారం ఎమ్మెల్యే గారి పల్లె పర్యటన. శుక్రవారం ఆయన ఆఫీసులో కూర్చుంటారు. ఆ రోజు ఉదయం ఏడున్నరకే వరండా నిండిపోతుంది. తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖలు, ముఖ్యమంత్రి సహాయ నిధికి ఆస్పత్రి బిల్లులు, ఆపరేషన్‌కు ముందే కావలసిన ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆస్పత్రికి ఇచ్చే లేఖ), టీచర్ బదిలీ, పొలం గట్టు తగాదా, హాస్టల్ సీటు, స్టేషన్‌లో కూర్చోబెట్టిన కొడుకు. శని, ఆదివారాలు పెళ్లిళ్లు, పరామర్శలు.

వీటిలో దర్శనం లేఖ ఐదు నిమిషాల పని. సంతకం పడుతుంది, తీసుకున్నవాళ్లు దండం పెట్టి వెళ్తారు. ఆగిపోయిన పింఛను అలాంటిది కాదు. పింఛను మంజూరు చేసే అధికారం ఎమ్మెల్యేకు లేదు. వరండాలో కూర్చున్న వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మేమూ గట్టిగా చెప్పేవాళ్లం కాదు, చెబితే మనిషి నిరాశపడతాడని. ఈ కేసులో మొదటి తప్పు అక్కడే మొదలైంది.

2021 నాటికి పింఛను అర్హతను ఆదాయ పరిమితితో పాటు ఆరంచెల పరిశీలనతో చూసేవారు. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు. కారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో పెద్ద ఇల్లు ఉండకూడదు. కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదు. వీటన్నిటినీ ఆధార్ నంబరు ఆధారంగా వేర్వేరు శాఖల లెక్కల్లోంచి తెచ్చి కలుపుతారు. ఏ శాఖ లెక్కలో మీ ఆధార్ తప్పు చోట పడినా, ఆ తప్పు మీ ఇంట్లో ఆస్తిగానో ఖర్చుగానో కనిపిస్తుంది.

మామ్మ మొదటిసారి వచ్చిన రోజు

2021 నవంబరు మూడో శుక్రవారం. డెబ్బైకి దగ్గరగా ఉన్న మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక కూతురు, పెళ్లయి వేరే జిల్లాలో ఉంటుంది. మామ్మ ఒంటిగది ఇంట్లో ఉంటూ, ఊళ్లోనే ఒక పెద్ద ఇంట్లో వంటా, గిన్నెలూ చేస్తుంది. నెలకు 3,000 ఇస్తారు. దానికి తోడు 2,250 పింఛను. ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున్నే వలంటీరు ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని ఇచ్చేవాడు. ఆ నెల ఒకటిన రాలేదు. మూడో తేదీన తనే వెళ్లి అడిగితే, "మామ్మా, నీ పేరు లిస్టులో రాలేదు" అన్నాడట. ఎందుకు రాలేదంటే, "కరెంటు ఎక్కువ కాలుస్తున్నావంట" అన్నాడట.

ఆమె నాతో అన్న మాట ఇది: "ఒక బల్బు, ఒక ఫ్యాను బాబూ. ఫ్యాను కూడా రాత్రే వేస్తాను. అది తీసెయ్యమంటే తీసేస్తాను."

తన వాడకమే తప్పనుకుంది. నేను ఆ మాట విని బాధపడ్డానే గానీ, అందులోంచి అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లు 300 యూనిట్లు ఎలా దాటుతుంది? దాటకపోతే ఆ 300 ఎవరివి? ఆ రోజు వరండాలో ఇంకా చాలామంది ఉన్నారు. రిజిస్టర్‌లో "పింఛను ఆగింది, కరెంటు" అని రాసి లోపలికి పంపాను.

మొదట చేసినవి, పనికిరానివి

ఎమ్మెల్యే గారు ఆమె ముందే ఎంపీడీవోకు (మండల పరిషత్ అభివృద్ధి అధికారి) ఫోన్ చేశారు. అవతలి నుంచి "చూస్తాను సార్" అన్నారు. ఆయన మామ్మ వైపు తిరిగి, "వచ్చేస్తుందమ్మా, చెప్పాను" అన్నారు. మంచి మనసుతో అన్న మాటే. కానీ ఎంపీడీవో చేతిలో ఆ పేరును తిరిగి లిస్టులోకి ఎక్కించే మీట ఏదీ లేదు. పేర్లు పైనుంచి వస్తాయి, కింద ఎవరూ చేర్చలేరు. ఆయనకు ఆ సంగతి తెలుసు, మాకూ సగం తెలుసు. అయినా ఆయన "చేయలేను" అనలేదు, మేము "ఎలా చేస్తారు" అని అడగలేదు. డిసెంబరు ఒకటిన మామ్మ తెల్లవారుజామునే లేచి తలుపు తీసుకుని కూర్చుందని తర్వాత ఆమె పక్కింటావిడ చెప్పింది. వలంటీరు ఆ వీధిలో అన్ని ఇళ్లకూ వెళ్లి, ఆ గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేను ఒక నియమం పెట్టుకున్నాను. అవతలి అధికారి ఏ రోజు ఏ పని చేస్తారో చెప్పకుండా "చూస్తాను" అంటే, దాన్ని రిజిస్టర్‌లో సమాధానంగా రాయను. మనిషికి "వస్తుంది" అని చెప్పను. "ఎందుకు ఆగిందో కనుక్కుంటున్నాం" అని మాత్రమే చెబుతాను. వినడానికి అది చిన్న మాట. కానీ ఒకటో తేదీ పొద్దున తలుపు తీసుకుని కూర్చునే మనిషికి ఆ తేడా చాలా పెద్దది.

రెండోది సోమవారం గ్రీవెన్స్. డిసెంబరు రెండో వారంలో మామ్మ చేత అర్జీ పెట్టించాం. కలెక్టరేట్ గేటు దగ్గర అర్జీలు రాసేవాళ్లుంటారు, వాళ్లలో ఒకరు రాసిచ్చారు. నకలు నా దగ్గరుంది. పేజీ నిండా ఉంటుంది. "నేను నిరుపేద వృద్ధ వితంతువును. నాకు ఎటువంటి ఆధారము లేదు. కావున తమరు నా యందు దయ ఉంచి నా పింఛను నాకు ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను." నేను ఒకసారి చదివి, బాగుందనుకుని, పంపించేశాను.

ఆ అర్జీ కలెక్టరేట్ నుంచి జిల్లా ఆఫీసుకు, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి గ్రామ సచివాలయానికి దిగింది. సచివాలయంలో చూసినవాళ్లు కంప్యూటర్‌లో ఏముందో అదే రాశారు: "విద్యుత్ వినియోగం 300 యూనిట్లు మించినందున అనర్హులు." అర్జీ పరిష్కారమైనట్టు మూసేశారు. ఆ మెసేజ్ వెళ్లింది మామ్మ మనవడి ఫోన్‌కు. అర్జీలో ఆ నంబరే ఇచ్చాం, ఎందుకంటే మామ్మకు ఫోన్ లేదు. ఆ కుర్రాడు వేరే జిల్లాలో చదువుకుంటున్నాడు, మెసేజ్ చూడలేదు. మా రిజిస్టర్‌లో మాత్రం "గ్రీవెన్స్‌లో పెట్టాం" అని ఉంది. అంటే మేము పనిచేశామనుకున్నాం, వాళ్లు పని పూర్తయిందనుకున్నారు, మామ్మ జనవరి దాకా ఎదురుచూసింది.

ఇందులో సచివాలయం వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ అర్జీ అడిగింది పింఛను. పింఛనుకు అర్హత ఉందా అని వాళ్లు చూశారు. లేదని వచ్చింది. అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చారు. మేమే తప్పు ప్రశ్న అడిగాం. "నా పింఛను ఇప్పించండి" కాదు, "నా పేరు మీద చూపిస్తున్న ఈ 300 యూనిట్లు ఏ మీటరువి?" అని అడగాల్సింది. పేదరికం గురించి పేజీ నిండా రాసినప్పుడు చదివేవాడికి జాలి కలుగుతుంది గానీ, తను చేయాల్సిన పని ఏమిటో కనిపించదు.

జనవరిలో మామ్మ మళ్లీ వచ్చినప్పుడు ఆఫీసులో ఉన్న ఒక స్థానిక నాయకుడు ఒక సలహా ఇచ్చాడు. మామ్మ బియ్యం కార్డులో ఎవరైనా ఉంటే వాళ్లను విడగొట్టి, ఒంటరి కార్డు తీసి, కొత్తగా దరఖాస్తు పెట్టిద్దాం, చాలామందికి అలాగే చేశాం అన్నాడు. కొన్ని కేసుల్లో అది సరైన దారే. కొడుకు ఇంట్లో కారు ఉండి, తల్లి వేరే కాపురం ఉంటే, నిజంగా వేరే ఉంటున్నారు కాబట్టి విడగొట్టడం న్యాయం. ఇక్కడ మామ్మ కార్డులో ఆమె ఒక్కతే ఉంది. విడగొట్టడానికి ఎవరూ లేరు. పైగా తప్పు ఆమె ఆధార్‌కే అంటుకుని ఉంటే, ఎన్ని కొత్త దరఖాస్తులు పెట్టినా ఆ ఆధార్ వెంటే వస్తుంది. అందుకే ఒప్పుకోలేదు. ఈ కేసులో నేను ఆలోచించి తీసుకున్న మొదటి నిర్ణయం అదేననుకుంటాను, అప్పటికి రెండున్నర నెలలు గడిచాయి.

అదే రోజు మరో మాట కూడా వచ్చింది. "ఆ మామ్మ పనిచేసే ఇల్లు మనవాళ్లది కాదు, ఆవిడ ఓటు కూడా అటే. ఇంత తిరగడం దేనికి?" అని ఒకరు అన్నారు. ఎమ్మెల్యే గారు ఆ మాటకు, "వరండాలో కూర్చున్నాక అందరూ నావాళ్లే, రిజిస్టర్‌లో పార్టీ గడి లేదు" అన్నారు. నేను ఇది ఆయన్ను పొగడడానికి రాయడం లేదు. ఆ మాట ఆయన నోటి నుంచి అందరి ముందూ రాకపోతే, తర్వాత నెలల్లో ఈ పని మీద నేను వెచ్చించిన పూటలకు ఆఫీసులో ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆయన తన జేబులోంచి నెలకు 2,000 ఇస్తానన్నారు. నేను వద్దన్నాను. డబ్బు ఇవ్వడం మొదలైతే అందరిలో తొందర తగ్గిపోతుంది, కాగితం చల్లబడుతుంది అనేది నా భయం. ఆయన, "నీ భయం నిజమే, కానీ ఆవిడ ఈ నెల బీపీ మాత్రలు ఎలా కొనుక్కుంటుంది?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇచ్చాం. రిజిస్టర్‌లో మాత్రం ప్రతి నెలా ఎర్ర సిరాతో "ఇది పింఛను కాదు" అని రాసేవాణ్ణి, కేసు తెరిచే ఉందని నాకే గుర్తుండడానికి.

మూడోసారి విఫలమైంది కరెంటు ఆఫీసులో. జనవరి చివర అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గరకు వెళ్లి మామ్మ పేరు చెప్పి, ఆమె పేరు మీద ఎన్ని మీటర్లున్నాయో చూడమన్నాను. ఒక్కటే ఉందన్నారు, చూపించారు. నెలకు 40, 45 యూనిట్లు. "మా దగ్గర తప్పేం లేదండీ, సచివాలయంలో అడగండి" అన్నారు. సచివాలయంలో అడిగితే, "లెక్క కరెంటు శాఖ నుంచే వచ్చింది సార్" అన్నారు. రెండు మాటలూ నిజమే. నేను పేరుతో వెతికించాను. పరిశీలన జరిగేది ఆధార్‌తో. పేరుతో వెతికితే దొరకని మీటరు, ఆధార్‌తో వెతికితే దొరుకుతుంది. ఈ చిన్న విషయం తట్టడానికి నాకు ఇంకో మూడు వారాలు పట్టింది.

దారి దొరికిన చోటు

ఫిబ్రవరిలో ఒక బుధవారం మామ్మ ఇంటికి వెళ్లాను. అప్పటిదాకా వెళ్లలేదు. గోడ గూట్లో ప్లాస్టిక్ కవర్లో కరెంటు బిల్లులన్నీ వరసగా పెట్టుకుంది. చదువు రాకపోయినా ఒక్కటీ పారేయలేదు. రెండేళ్ల బిల్లుల్లో 60 దాటిన నెల లేదు. ఆ బిల్లులు తీసుకుని మామ్మతో కలిసి సచివాలయానికి వెళ్లాను. వెల్ఫేర్ అసిస్టెంట్ కొత్తగా వచ్చిన అమ్మాయి. ఈసారి పింఛను గురించి అడగలేదు. "ఈమె ఆధార్‌కు ఏ మీటరు చూపిస్తోందో, ఆ సర్వీస్ నంబరు ఒక్కటి చెప్పమ్మా" అన్నాను. ఆ అమ్మాయి తన లాగిన్‌లో చూసి ఒక కాగితం మీద రాసిచ్చింది. మామ్మ బిల్లు మీద ఉన్న నంబరు కాదది.

ఆ నంబరు పట్టుకుని ఊళ్లో కరెంటు పని చూసే ఎనర్జీ అసిస్టెంట్ దగ్గరకు వెళ్తే, అతను నంబరు చూడగానే ఇల్లు చెప్పాడు. మామ్మ పనిచేసే ఇల్లే. మూడు ఏసీలు, బోరు మోటారు.

మామ్మకు అప్పుడు గుర్తొచ్చింది. రెండు మూడేళ్ల కిందట కరెంటాయన ఇంటింటికీ ఆధార్ నంబర్లు రాసుకుంటూ వచ్చాడు. ఆ వేళ ఇంట్లో పెద్దావిడ నిద్రపోతోంది. మామ్మ వంటింట్లో ఉంది. "ఆధార్ ఇవ్వమ్మా, ఇవ్వకపోతే లేదని రాసుకుని వెళ్లిపోతాను, మళ్లీ మీరే రావాలి" అన్నాడట. అమ్మగారిని లేపడం ఎందుకని, తన సంచిలో ఉన్న తన కార్డు చూపించింది. ఇల్లు కాచేదాన్ని కదా, ఎవరిదో ఒకటి ఇస్తే సరిపోతుందనుకుంది. ఆ మనిషి ఎక్కించుకున్నాడు. అంతే. ఎవరూ మోసం చేయలేదు. ఒక మధ్యాహ్నం, తొందరలో ఉన్న ఇద్దరు మనుషులు.

ఇక్కడి దాకా వచ్చాక పని అయిపోయినట్టే అనుకున్నాను. నిజానికి కష్టమైన భాగం అప్పుడే మొదలైంది.

మీటరు నుంచి మామ్మ ఆధార్ తీసేయమంటే, ఆ చోట ఆ ఇంటివాళ్ల ఆధార్ ఒకటి ఇవ్వాలన్నారు ఏఈ. అంటే ఆ ఇంటికి వెళ్లి అడగాలి. నేను వెంటనే బయల్దేరబోయాను. మామ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "పింఛను కోసం మీరు ఆఫీసు తరఫున వెళ్లి అడిగితే, నా మీద ఏదో చెప్పాననుకుంటారు బాబూ. ఆ పని కూడా పోతుంది." నెలకు 2,500 కోసం నెలకు 3,000 పోగొట్టుకునే ప్రమాదం. అప్పటికి పింఛను 2022 జనవరి నుంచి 2,500 అయింది. ఎమ్మెల్యే ఆఫీసు నుంచి మనిషి వచ్చాడంటే ఊళ్లో అది మామూలు విషయం కాదు, అందులోనూ వేరే పార్టీ ఇంటికి. మామ్మ సరే అనేదాకా ఆ గుమ్మం ఎక్కనని మాటిచ్చాను. రెండు వారాలు ఆగాను. ఆ రెండు వారాలూ నాకు టెన్షన్‌గానే ఉంది, ఇంకో ఒకటో తేదీ వెళ్లిపోతోందని. కానీ ఆ జీవితం ఆమెది, తూకం వేసుకోవాల్సింది ఆమే. చివరికి తనే పెద్దావిడతో మాట్లాడి, నన్ను రమ్మని కబురు పంపింది.

అక్కడ నేను ఇంకో తప్పు చేశాను. మీటరు చనిపోయిన పెద్దావిడ భర్త పేరు మీదే ఉంది. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన హైదరాబాద్‌లో, చిన్నాయన మా టౌన్‌లో. నేను దగ్గర్లో ఉన్నారని చిన్నాయన్ని అడిగాను. ఆయన మర్యాదగానే, "దానిదేముందండీ, నా ఆధార్ ఇస్తాను" అన్నారు. మూడు రోజులకు హైదరాబాద్ నుంచి పెద్దాయన ఫోన్ చేశారు. ఇల్లు ఇంకా పంచుకోలేదు. మీటరుకు తమ్ముడి ఆధార్ ఎక్కితే రేపు ఇల్లు తమ్ముడి స్వాధీనంలో ఉందనడానికి అదో రుజువు అవుతుందని ఆయన అనుమానం. "ఎమ్మెల్యే ఆఫీసు మా పంపకాల్లోకి ఎందుకొస్తోంది?" అని సూటిగా అడిగారు. పెద్దాయన ఆధార్ ఇస్తానంటే చిన్నాయన ఒప్పుకోలేదు. మీటరుకు ఆధార్ జతపడితే ఇంటి మీద హక్కు రాదని ఎంత చెప్పినా ఇద్దరికీ నమ్మకం కుదరలేదు. మార్చి నెలంతా ఇందులోనే పోయింది. ఊళ్లో ఆస్తి పంచుకోని ఇంట్లో ఏ కాగితానికైనా ఎవరి పేరు పడుతుందన్నదే మొదటి ప్రశ్న అవుతుందని నాకు తెలియనిది కాదు. కరెంటు మీటరే కదా అని తేలిగ్గా తీసుకున్నాను.

దీన్ని విప్పింది మామ్మే. ఏప్రిల్ మొదటి వారంలో ఆఫీసుకొచ్చి, మా మాటలు కాసేపు విని, "అమ్మగారిది ఇస్తే సరిపోదా బాబూ? ఆవిడ ఉన్నన్నాళ్లు ఇల్లు ఆవిడదే కదా" అంది. అంతమందిమి నెల రోజులు కొడుకుల చుట్టూ తిరిగాం, ఇంట్లో ఉన్న తల్లిని ఎవరూ అడగలేదు. తల్లి పేరంటే ఇద్దరు కొడుకులూ కాదనలేకపోయారు. పెద్దావిడ ఆధార్ నకలు మా ఆఫీసుకు తీసుకోలేదు. చిన్నాయనే తల్లి సంతకంతో నేరుగా ఏఈ ఆఫీసులో ఇచ్చారు. అలా చేయమని నేనే చెప్పాను. ఎమ్మెల్యే ఆఫీసులో ఊరందరి ఆధార్ నకళ్లు పోగుపడటం మంచిది కాదని అప్పటికి నాకు అర్థమైంది, ఆ ఇంటివాళ్ల అనుమానం కూడా దాంతో తీరింది.

ఏప్రిల్ మూడో వారంలో ఏఈ మీటరు లెక్కలో ఆధార్ మార్చి, పాత ఆధార్ పొరపాటున జతపడిందని ఒక లేఖ ఇచ్చారు. ఆ లేఖ, మామ్మ ఆరు నెలల బిల్లులు పెట్టి సచివాలయంలో కొత్త అర్జీ ఇచ్చాం. ఈసారి నేనే రాశాను, నాలుగు వాక్యాలు. "ఫలానా సర్వీస్ నంబరు మీటరు నాది కాదు. దానికి నా ఆధార్ పొరపాటున జతపడింది. విద్యుత్ శాఖ దాన్ని సరిచేసి ఇచ్చిన లేఖ జతచేస్తున్నాను. ఈ వివరం ఆధారంగా నా అర్హతను మళ్లీ పరిశీలించగలరు." వెల్ఫేర్ అసిస్టెంట్ అదే రోజు అప్‌లోడ్ చేసింది. ఎమ్మెల్యే గారు ఈసారి కూడా ఎంపీడీవోకు ఫోన్ చేశారు. కానీ ఈసారి, "ఫలానా నంబరు అర్జీ మీ లాగిన్‌లో ఉంది, లేఖ సరిగ్గా ఉంటే ఈ వారంలో పైకి పంపగలరా?" అని అడిగారు. ఎంపీడీవో గారు గురువారం పంపారు. అదే ఫోను, అదే మనుషులు. అడిగిన పని ఆయన చేయగలిగిన పని.

మే నెలాఖరుకు మామ్మ అర్హురాలని కంప్యూటర్‌లో కనిపించింది. డబ్బు మాత్రం వెంటనే రాలేదు. అప్పటికి కొత్త మంజూర్లు ఆరు నెలలకోసారి ఇస్తున్నారు. తప్పు ఏప్రిల్‌లో సరైంది, పింఛను 2022 ఆగస్టు ఒకటిన వచ్చింది. జూన్, జులై ఒకటో తేదీలకు ముందే నేను మామ్మకు "ఈ నెల రాదు మామ్మా, తలుపు తీసుకుని కూర్చోకు" అని చెప్పాను. ఈ కేసులో నేను సరిగ్గా చేసిన పనుల్లో అదొకటి.

ఈ కేసు తర్వాత మా ఆఫీసులో మారినవి

రిజిస్టర్ మారింది. ఇదివరకు పేరు, ఊరు, సమస్య, ఎవరికి పంపాం అనే గడులుండేవి. "సమస్య" గడి తీసేసి రెండు పెట్టాను: "మనిషి చెప్పింది", "రికార్డులో ఉన్నది". రెండో గడి నిండకుండా ఎమ్మెల్యే గారి చేత ఎవరికీ ఫోన్ చేయించం. చివర్లో ఇంకో గడి ఉంది, "మనిషే చెప్పాడా?" అని. గ్రీవెన్స్‌లో పరిష్కారమైనట్టు మెసేజ్ వచ్చినా, ఆ మనిషి మాకు అయిందని చెప్పేదాకా మా దగ్గర అది మూయం. దీనివల్ల మా పెండింగ్ లెక్క ఒక్కసారిగా పెరిగిపోయి కనిపించింది. ఎమ్మెల్యే గారు మొదట కంగారుపడ్డారు, సమీక్షల్లో బాగుండదని. పెరిగింది సమస్యలు కాదు, మనకు కనిపించడం అని చెప్పాక ఒప్పుకున్నారు.

పాత వినతులు తిరగేశాను. "కరెంటు" అని రాసి వదిలేసినవి విడిగా తీసి, ఒక్కొక్కరి సర్వీస్ నంబరూ సచివాలయాల్లో అడిగించాను. మరో నలుగురు దొరికారు. ఒకతను అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మెట్ల దారిలో లైట్లకూ లిఫ్టుకూ ఉన్న మీటరుకు అతని ఆధార్. ఇద్దరు అద్దెకుండి ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లు, పాత ఇంటి మీటరు వాళ్ల వెంటే వచ్చింది. నాలుగో ఆవిడ కూడా మామ్మలాగే పనిమనిషి. కరెంటాయన వచ్చినప్పుడు ఇంట్లో ఉండేది ఎవరో ఆలోచిస్తే ఇది వింత కాదు. ఇంటివాళ్లు పనులకెళ్తారు, తలుపు తీసేది వంటమనిషి, వాచ్‌మన్, అద్దెకున్నవాళ్లు. పింఛను అవసరం ఉన్నదీ వాళ్లకే. ఈ నలుగురి పనీ ఒక్కొక్కటి నెలన్నర లోపే అయింది, ఎందుకంటే దారి తెలుసు. మామ్మ మొదటిసారి వచ్చిన శుక్రవారమే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆమెదీ బహుశా సంక్రాంతికే అయ్యేది. ఇది నేను చాలాసార్లు అనుకున్నాను.

మనిషి ఇంటికి వెళ్లడం గురించి కూడా ఒక మాట. వారానికి ఒక పూట, కాగితం ముడిపడిపోయిన మూడు ఇళ్లకు వెళ్తాను. ఎక్కువ ఇళ్లకు వెళ్లలేను, అంత తీరిక ఉండదు. కానీ వరండాలో పది నిమిషాల్లో చెప్పలేని సంగతి ఇంట్లో గూట్లో దొరుకుతుంది. బిల్లులు, పాత పుస్తకాలు, ఆస్పత్రి కాగితాలు. చదువు రానివాళ్లు కాగితాన్ని చదువుకున్నవాళ్ల కంటే భద్రంగా దాచుకుంటారు, దాని విలువ ఏమిటో ఎవరో ఒకరు వచ్చి చెబుతారని.

2024 జులై నుంచి పింఛను 4,000 అయింది. మామ్మ ఇప్పుడు ఆ ఇంట్లో పని మానేసింది, మోకాళ్లు సహకరించడం లేదు. పెద్దావిడే అప్పుడప్పుడు కూర పంపుతుంది.

ఒక లెక్క మిగిలింది. 2021 నవంబరు నుంచి 2022 జులై దాకా తొమ్మిది నెలలు. రెండు నెలలు 2,250 చొప్పున, ఏడు నెలలు 2,500 చొప్పున, మొత్తం 22,000. ఆమె తప్పు లేకుండా ఆగిన డబ్బు. బకాయి కోసం రెండుసార్లు రాశాం, వెనక నెలలకు ఇచ్చే వీలు లేదని జవాబొచ్చింది. రెండుసార్లూ మాకు పరిష్కారమైనట్టు మెసేజ్ వచ్చింది. మామ్మ మాత్రం రాలేదనే చెప్పింది. అందుకని మా రిజిస్టర్‌లో ఆ వరస ఇంకా తెరిచే ఉంది.